కప్పు కింద పాట లేదు

బొగ్గుబాయిల పాడుకుంట పని చేసెటోళ్లమని మా మనుమలు అనుకుంటరు. సినిమాలు జూసి పట్టిన పిచ్చి అది. గోదావరిఖనిల కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టినోణ్ని, చెప్తున్న: లోపల పాట లేదు. కప్పు కూలేముందు పటపటమంటది. ఆ సప్పుడు చెవుల పడాలె. టబ్బు నింపుకుంట ఎవడన్న కూనిరాగం తీస్తే పక్కోడు కసిరేటోడు.

పాటంతా బాయి మీదనే. ఇల్లందు దగ్గర 1871ల విలియం కింగ్ బొగ్గు జాడ పట్టినంక, తవ్వకం మా గోదావరి ఒడ్డుకు రానీకి దగ్గర దగ్గర తొంభై ఏండ్లు పట్టింది. పల్లెలల్ల కైకిలి ఇడిసిపెట్టి వచ్చిన జనం ఒగ్గుకథలు, నాటుపాటలు ఎంట తెచ్చుకున్నరు. మా అవ్వ క్వార్టర్ ముంగట బియ్యం చెరుగుకుంట నాటుపాట ఎత్తేది. మా నాయిన చెప్పులేసుకొని బయటికి నడిచెటోడు. ఎందుకని అడిగితె చెప్పకపోయేటోడు. రిటైరైనంక ఒకనాడు అన్నడు: ‘అమ్ముకున్న మడి యాదికొస్తది బిడ్డా.’

తర్వాత డప్పు వచ్చింది. 1972ల పుట్టిన విప్లవ పాటల సంఘం జననాట్యమండలి, అండ్ల పాడిన గద్దర్, పాటలు రాసిన మా నదికి అవతలి లింగాపూర్‌ల పుట్టిన గూడ అంజయ్య. అంజయ్య ‘ఊరు మనదిరా’ వింటే ఎక్కువ ఏడ్చింది ఊరొదిలి వచ్చినోళ్లే. ఒక్కరోజు చట్టవిరుద్ధ సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తమన్నందుకు 1981ల మా బొగ్గుబాయిల సమ్మె 56 రోజులు నడిచింది. కరపత్రం చదవరాని ఫిల్లర్లకు సంగతంతా గేటు మీటింగు పాటలతోనే తెలిసేది. సంఘాల చరిత్ర రాసినోళ్లు తీర్మానాలు ఎక్కిచ్చిన్రు గని, ఈ పాటలకు అంత జాగ ఇయ్యలేదు.

2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలకు నీళ్లు దూకి 17 మంది పోయిన్రు. ఆ వానకాలం చాయ్ హోటల్ రేడియోల హుషారైన వాన పాట రాంగనే మా లైన్లుండే ఒకాయన లేచి బంద్ చేసిండు. గిరాకీలెవరూ ఏమనలే.

2011 సెప్టెంబర్ 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది, బతుకమ్మ పండుగ అండ్లనే వచ్చింది. ఆడోళ్లు చౌరస్తా నడుమ బతుకమ్మలు పెట్టి, ఉయ్యాల పాటల్ల సర్కారును అడుగవట్టిన్రు. సభల మాట్లాడని నా ఇంటామె ఆడ గొంతెత్తి పాడింది.

గా సమ్మె పాటలనే ఇప్పుడు పెండ్లి బరాత్‌ల డీజే మీద వేస్తరు. నా దోస్తులకు మస్తు కోపం. నాకైతే రాదు. మోకాళ్లు ఒప్పుకుంటే నేను గూడ రెండడుగులు ఏస్త.