నక్కవాగు నీళ్లు ఎంత నలుపు?

పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అప్పటికి పత్రికల్లో ఫొటోలు చాలావరకు నలుపు తెలుపులోనే వచ్చేవి. వ్యర్థాలు మోసుకుంటూ మంజీర నదిలో కలిసే నక్కవాగు ఏ రంగులో పారినా అచ్చులో బూడిదరంగే. అన్ని రంగులకూ స్పందించే మామూలు పాంక్రొమాటిక్ ఫిల్మ్ మీద ఎర్రనీళ్లూ పచ్చగడ్డీ ఇంచుమించు ఒకే ఛాయలో పడొచ్చు. ఆ ఛాయ చిక్కదనంలో వాగు వాటా కొంత, డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ ముందు నిలబడ్డ మనిషి వాటా కొంత. అందుకే ఆనాటి ఫొటోను ఆధారంగా వాడేవాళ్లకు కెమెరా కన్నా ముందు ఆ గది సరంజామా తెలియాలంటాను.

ప్రింట్ తీయడం ఎర్రటి సేఫ్‌లైట్ వెలుగులో జరిగే పని. బ్రోమైడ్ పేపరుకు ఎరుపు కనిపించదు. ఎన్‌లార్జర్ దీపం నెగటివ్ గుండా పేపరు మీద పడుతుంటే, అట్టముక్కను అయిదేసి సెకన్లకు జరుపుతూ ముందు టెస్ట్ స్ట్రిప్ తీస్తారు. మెట్ల మెట్లుగా నల్లబడ్డ ఆ పట్టీలోంచి ఒక మెట్టు ఎంచుకోవడంతోనే వాగు నలుపు సగం ఖాయమైపోతుంది. పేపరు గ్రేడు పెరిగేకొద్దీ కాంట్రాస్ట్ పెరుగుతుంది: రెండో గ్రేడు పేపరు మీద నీళ్లలా కనిపించేది నాలుగో గ్రేడు మీద తారులా కనిపిస్తుంది. తీగకు గుచ్చిన అట్ట నీడ పట్టి ఒకచోట వెలుగు తగ్గిస్తే డాడ్జింగ్, మరోచోట ఎక్కువసేపు పడనిస్తే బర్నింగ్. తర్వాత డెవలపర్, ఆపేందుకు పలచని ఎసిటిక్ యాసిడ్, చివరికి హైపో. వెండి లవణాలను హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండల్లో ట్రే చుట్టూ ఐసు పెట్టక తప్పేది కాదు. (వెండి కలిసిన ఆ హైపోను తూములోకి ఒంపితే అదీ కాలుష్యమే. ఫ్యాక్టరీతో పోల్చదగ్గది కాదు గానీ, లేదనలేం.)

ఇన్ని చేతులు పడ్డాక ఫొటో సాక్ష్యమెలా అవుతుందని అడగొచ్చు. ప్రింట్ ఒక్కటే ఉంటే ఆ అనుమానం న్యాయమే. నెగటివ్ ఉంటే లెక్క వేరు: ప్రింటర్ దాచిందీ పెంచిందీ అందులో పోల్చి చూడొచ్చు. పెన్సిలుతో రీటచింగ్ చేసినా వాలుగా వెలుతురులో పట్టుకుంటే ఎమల్షన్ మీద గీతల మెరుపు దొరికిపోతుంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి కాబట్టే ఆయన ప్రింట్లను నేటికీ సరిచూడగలుగుతున్నాం. ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడు, దేన్ని వదిలేశాడు అన్నది నెగటివ్ కూడా చెప్పదనేవారున్నారు. గాజుపలక విషయంలో నిజమే. 35 ఎంఎం స్ట్రిప్‌లో మాత్రం ముందు ఫ్రేమూ వెనక ఫ్రేమూ ఉంటాయి, అంచున నంబర్లుంటాయి. కాంటాక్ట్ ప్రింట్ తీస్తే ఆ మనిషి వాగుగట్టున ఎటు నడిచాడో వరస తెలుస్తుంది.

చిక్కేమిటంటే పాత ఫిల్మ్‌లోంచి వెండి తీసే వ్యాపారం కూడా ఉంది. సంగారెడ్డి, పటాన్‌చెరు స్టూడియోల అటకల మీద ఆనాటి నెగటివ్‌ల కవర్లు ఇంకా మిగిలి ఉంటే, తూకానికి వేసేలోపు స్కాన్ చేయించాలి. ఒక్క మంచి ఫ్రేమును కత్తిరించి కాదు, స్ట్రిప్ మొత్తాన్ని, అంచు నంబర్లతో సహా.