పిల్లల గొంతులలోని గొలుసు క్రిములు

దగ్గు, పడిశము, జ్వరము ఏమియు లేక హాయిగా ఆడుకొనుచున్న బడిపిల్లలను 100 మందిని తీసికొని, ఒక్కొక్కరి గొంతులో దూదిపుల్ల త్రిప్పి పరీక్షించినచో, ఇంచుమించు 12 మంది గొంతులలో ‘ఎ’ వర్గపు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి కనిపించును. పలు దేశములలో జరిగిన పరీక్షలను కలిపి లెక్కించగా తేలిన సగటు ఇది. ఆ పిల్లలకు రోగము లేదు. క్రిమి వారి గొంతులో కాపురము చేయుచున్నదే గాని కలహమునకు దిగలేదు. వైద్యులు ఇట్టివారిని వాహకులందురు.

అంతటితో సరిపోయినచో ఈ ప్రసంగమునకు పనియే లేదు. అదే క్రిమి మరియొక బిడ్డకు గొంతువాపు కలిగించి, రెండు మూడు వారముల తరువాత కీళ్ళవాపులతో రుమాటిక్ జ్వరము తెచ్చి, గుండె కవాటములను చెరుపగలదు. గొంతునొప్పి సంగతి ఇంటిల్లిపాదియు మరచిన పిమ్మట ఈ జ్వరము బయటపడును. అందుచేతనే ఈ రెండింటికిని గల చుట్టరికము చాలకాలము స్పష్టపడలేదు.

క్రిమిని మాత్రము శాస్త్రజ్ఞులు అంతకు చాల ముందే ఎరుగుదురు. 1874లో వియన్నా నగరపు శస్త్రవైద్యుడు బిల్రోత్ దీనికి పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో మెలిదిరిగిన గొలుసు, గింజ అను మాటల కలయిక అది. 1879లో పారిస్ వైద్య పరిషత్తులో బాలింత జ్వరమును గూర్చి చర్చ జరుగుచుండగా, పాశ్చర్ లేచి, నల్లబల్లపై ఈ గొలుసును గీచి చూపినాడు. రుమాటిక్ జ్వరముతో దీనికి గల సంబంధమును 1931లో న్యూయార్కులో ఆల్విన్ కోబర్న్ బలముగా ప్రతిపాదించినాడు. 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ ఈ జాతిని వర్గములుగా విడదీసినది. మానవుని గొంతును ఆశ్రయించి బాధించునది ముఖ్యముగా ‘ఎ’ వర్గమేనని అప్పుడు తేటపడినది.

ఇక మందుల కథ. 1935లో జర్మనీలో డోమాక్ ప్రకటించిన ప్రాంటోసిల్ అను ఎఱ్ఱని రంగుమందుతో సల్ఫా యుగము ఆరంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, అమెరికా నౌకాదళ శిక్షణ శిబిరములలో ఆరోగ్యవంతులైన యువకులకు సైతము దినదినము సల్ఫాడయజీను బిళ్ళలు మ్రింగించినారు. ఆ ప్రయత్నములో కోబర్న్ కూడ ఉన్నాడు. మొదట ఫలితము అద్భుతముగా కనిపించినది. 1944 వచ్చుసరికి సల్ఫాకు లొంగని స్ట్రెప్టోకాకస్ రకములు శిబిరములలో తలయెత్తి వ్యాపించినవి. రోగము లేని గొంతులకు మందు పోయుట ఎంత ప్రమాదమో వైద్యలోకమునకు తెలిసివచ్చిన తొలి ఘట్టములలో ఇది యొకటియని మా అభిప్రాయము.

పెన్సిలిన్ చరిత్ర వేరు. 1949లో వయోమింగు రాష్ట్రములోని వారెన్ వైమానిక స్థావరమున రామెల్‌కాంప్ బృందము, గొంతువాపు వచ్చిన సైనికులకు పెన్సిలిన్ ఇచ్చి రుమాటిక్ జ్వరమును నివారింపవచ్చునని చూపినది. ఆశ్చర్యమేమనగా, ‘ఎ’ వర్గపు క్రిమి నేటికిని పెన్సిలిన్‌కు లొంగుచునే ఉన్నది. తక్కిన మందుల విషయము అట్లు కాదు. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులను ఎదిరించు రకములు కొద్ది సంవత్సరములకే కనిపించినవి. పెన్సిలిన్ పడనివారికి ఆదరువైన ఎరిత్రోమైసిన్‌కును అదే గతి పట్టినది.

ఏ మందునకు క్రిమి లొంగునో తెలిసికొను పద్ధతి చూడముచ్చటగా నుండును. గొర్రె నెత్తురు కలిపిన ఎఱ్ఱని అగర్ పళ్ళెముపై క్రిమిని పూసి, మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలను అమర్చి, ఒక రాత్రి వెచ్చగా ఉంచుదురు. మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టును క్రిమి మొలవని వలయము ఏర్పడును. బిళ్ళ అంచుదాక క్రిమి పెరిగినచో ఆ మందు వ్యర్థమన్నమాట.

ఒకసారి మొండికెత్తిన క్రిమి మరల దారికి రాదా? ఫిన్లండు దేశమున వచ్చినది. ఎరిత్రోమైసిన్ కుటుంబపు మందులను తగ్గించి వాడవలెనని అచ్చట వైద్యులకు సలహా ఇచ్చినారు. వాడకము తగ్గిన పిమ్మట, 1992లో నూటికి 16.5గా ఉన్న ఎదిరించు రకములు 1996 నాటికి 8.6కు దిగినవి.

వాహకులైన పిల్లలు ఇతరులకు క్రిమిని అంటించుట తక్కువ. వారికి రుమాటిక్ జ్వరము వచ్చుటయు అరుదు. కనుక వారికి సామాన్యముగా మందు ఇయ్యరు. ఇంటిలో ఎవరికైన ఆ జ్వరము వచ్చియుండుట వంటి ప్రత్యేక సందర్భములలో వైద్యుడు వేరుగా ఆలోచించును. ఒకసారి ఆ జ్వరము వచ్చిన బిడ్డకు మాత్రము మూడు నాలుగు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందు, ఏండ్ల తరబడి, తప్పక ఇప్పింపవలసియుండును.