వెలుగు అంగడిది, వెచ్చదనము అడవిది

అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లికి చేరువనున్న లంబసింగి గ్రామమునకు కొర్రబయలు అను మఱియొక పేరు కలదు. కొర్ర యనగా కఱ్ఱ యనియు, శీతకాలపు రాత్రి యింటి బయట నుండిపోయినవాడు తెల్లవారునప్పటికి కొయ్యవలె బిగుసుకొని పోవుననియు, అందుచేతనే యా పేరు కలిగెననియు అచ్చటివారు చెప్పుదురు. అది కేవలము జనవ్యుత్పత్తియే యగుగాక, తమ యూరి పేరులో చలిని నిలిపి యుంచుకొనిన జనుల మాటకు నేను శాసనవాక్యమున కిచ్చు గౌరవమునే యిత్తును. ఏలయన రాజులు భూదానములను గూర్చి శాసనములు చెక్కించిరే గాని, ఆ భూములపై జీవించు ప్రజలు పుష్యమాసపు రాత్రుల నెట్లు గడపిరో యే రాతిమీదను చెక్కింపలేదు.

విశాఖపట్టణపు సముద్రతీరమున మార్గశిరమందును పలుచని దుప్పటి చాలును. అచ్చటినుండి నూటపది కిలోమీటర్లు ప్రయాణించి, శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటీ నెక్కి అరకులోయ చేరినవాడు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నిలుచును. లంబసింగి వేయి మీటర్లకు దాపు. వేయి మీటర్లు పైకి పోయిన గాలి యించుమించు ఆఱు డిగ్రీలు చల్లబడునని ప్రకృతిశాస్త్రము చెప్పును గాని మన్యపు చలికి ఆ లెక్క యొక్కటే చాలదు. మబ్బులేని పొడిరాత్రులందు నేల తాను పగలు గ్రహించిన వేడిమి నంతయు ఆకాశమునకు విడిచివేయగా, కొండవాలులపై చల్లబడి బరువెక్కిన గాలి నీటివలె పల్లమునకు జారి లోయయడుగున నిలిచిపోవును. తెల్లవారుజామున దానిపై మంచు పాలసముద్రమువలె పఱచుకొనును. చింతపల్లి ప్రాంతమున కొన్ని యేండ్లు పాదరసము సున్నకు దాపునకు దిగుటయు కలదు. పర్యాటకులు తెల్లవాఱకమునుపే వాహనములలో వచ్చి కొండమీదనుండి ఆ పాలసముద్రమును చూచి పోవుదురు. కొండవాడు రాత్రి యంతయు దాని యడుగున నిద్రించినవాడు.

ఈ చలికి బగత, కొండదొర, గదబ, పోర్జ, కోదు, కోటియా, వాల్మీకి మున్నగు తెగలవారు నమ్ముకొనినది వస్త్రమును గాదు, నిప్పును. గదబ స్త్రీలు కెరంగు నార వడికి రంగుచారల చీరలను తామే నేసికొనుచుండిన మాట నిజమే. కాని ఎంత చక్కని నేతయైనను ఒంటికొక్క వస్త్రము ఆ రాత్రుల కాగునది కాదు. ఇంటిలో మూడురాళ్ల పొయ్యి. వంట ముగిసినను అందులోని మొద్దు ఆఱదు. బూడిద కప్పిన నిప్పు తెల్లవారువఱకు లోలోపల రగులుచుండును. వేకువనే ఇంటియిల్లాలు ఆ బూడిదను త్రోసి, ఎండుపుల్లలు పెట్టి, గొట్టముతో ఊది, చోడి అంబలికి ఎసరు పెట్టును. పొయ్యిపై దూలమునకు మొక్కజొన్న కంకులును, మఱుచటి యేటి విత్తనములును వ్రేలాడుచుండును. పొగ వానిని పురుగునుండి కాపాడును. ఇంటి గడ్డికప్పును గట్టిపఱచును. అన్నిటికంటె ముఖ్యముగా దోమను తరుమును. మన్యపు జ్వరమునకు జడిసి మైదానపు టుద్యోగులు ఏజెన్సీకి బదిలీ యనిన కన్నీరు పెట్టుకొనిన కాలమున, కొండవాని కుటీరమున కదియే వైద్యశాల. అయినను ఆ పొగలోనే దినమునకు మూడు నాలుగు గంటలు కూర్చుండిన స్త్రీల కన్నులను, ఊపిరితిత్తులను అది హరించినదను సత్యమును మఱువరాదు. ఆ పొయ్యిని నేను మెచ్చుకొనుచున్నాను గాని ఆ పొగను మెచ్చుకొనుట లేదు.

వెలుపల వేయు మంట నెగడు. మైదానమువారు ఏటి కొకమాఱు భోగినాడు వీధిలో వేయు మంటను కొండవారు చలి దిగినది మొదలు చలి పోవువఱకు ప్రతిదినమును వేయుదురు. నెగడుచుట్టు కూర్చుండిన వానికి ఎదురు కాలుచుండగా వీపు గడ్డకట్టుకొని పోవుచుండును. కావున అప్పుడప్పుడు లేచి వెనుదిరిగి కూర్చుండవలెను. అట్లు తిరిగినప్పుడెల్ల ఒకని మాట మఱియొకనికి సగమే వినబడును. ఆ సగము మాటలలోనే పంటల లెక్కలు, పెండ్లి మాటలు, తగవులు, తీర్పులు జరిగిపోయినవి. పశువుల సాల ముంగిట వేయు నెగడు మఱియొకటి. శీతలదేశములవారు మోటారుబండి నిలుపు షెడ్డును వెచ్చజేసికొనుటకు కిరసనాయిలు హీటరు నొకదానిని చేతబట్టుకొని పోయి పెట్టుకొందురు. మన్యమున వెచ్చజేయవలసిన షెడ్డు పశువుల సాలయే, అందు నిలుచు బండి దుక్కిటెద్దే. ఆ మంట ఎడ్లకు చలిని, దోమను, ఒకప్పుడు పెద్దపులిని గూడ దూరముంచినది.

ఇట్టి బ్రతుకునకు కట్టెయే ప్రాణము గదా. కావుననే మన్యమున వెచ్చదనపు చరిత్ర కట్టెపై హక్కు చరిత్రయే. 1839లో ఆంగ్లప్రభుత్వము గంజాము, విశాఖపట్టణపు కొండప్రాంతములను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పించి కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించెను. ఏజెన్సీ యను మాట యట్లు పుట్టినది. 1882 నాటి మదరాసు అటవీచట్టముతో రిజర్వు అడవులేర్పడినవి. పోడు కొట్టుట, పశువులను మేపుట, కట్టె తెచ్చుట—తాతల నాటినుండి అడుగవలసిన పనిలేని ఈ మూడు పనులును గార్డు ముందు చేతులు కట్టుకొని నిలువవలసిన పనులైనవి. పన్నులు చెల్లించినవానికి పంట పోయినది; రోడ్డు పనికి లాగబడినవానికి కూలి పోయినది; కాని కట్టెమోపు నెత్తిన బెట్టుకొని వచ్చు ఆడుదానిని దొంగగా జూచిన దినమున కొండవారికి పోయినది ఇంటి నిప్పు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు గూడెము ప్రాంతపు గాము సోదరులతో గలిసి చింతపల్లి పోలీసుస్టేషను ముట్టడించి తుపాకులు గొనిపోయినప్పుడు ఆయన వెనుక నడచిన వారి కడుపుమంటలో ఈ చల్లారిన పొయ్యి మంట కూడ కలదని నేను తలంతును. 1924 మే నెలలో ఆయన నేలగూలువఱకు ఆ పోరాటము రెండు శీతకాలములు దాటినది. కొర్రబయలు పరిసరపు కొండలందు ఆ రాత్రులు గడపుట ఎట్టిదో ఊహింపుడు: నెగడు వేసినచో శత్రువునకు తావు తెలియును, వేయనిచో తెల్లవారునప్పటికి చేతివ్రేళ్లు తుపాకిపై వంగవు. యుద్ధచరిత్రలు వ్రాయువారు తుపాకుల సంఖ్యను వ్రాసిరి. నెగడు లేని రాత్రుల సంఖ్యను ఎవరును వ్రాయలేదు.

వెలుగు కథ వేఱు. ఆశ్వయుజ కార్తికములందు అరకు పొలములను పసుపుపచ్చగా నింపు వలిసెపూలను నేడు జనులు ఫొటోల కొఱకు వెదకికొని వత్తురు గాని, ఆ పూవు వెనుక గింజయు, గింజలో నూనెయు గలవు. వలిసెనూనె, ఇప్పనూనె, కానుగనూనె, ఆముదము: కొండయిండ్ల దీపములు వీనితో వెలిగినవి. ఈ నూనెలు ఆ నేలలో పుట్టినవే. బయటినుండి వచ్చిన తొలి నూనె కిరసనాయిలు. 1854లో అబ్రహాం గెస్నరు అను కెనడాదేశీయుడు తాను బట్టీపట్టి తీసిన దీపతైలమునకు, మైనము అను నర్థముగల గ్రీకుపదమును బట్టి, కెరోసిన్ అని పేరు పెట్టెను. మనవారు దానిని కిరసనాయిలు అనియు, మట్టినూనె యనియు, గ్యాసునూనె యనియు బిలిచి తమ దానిగా జేసికొనిరి. మొదట అమెరికా, రష్యాలనుండి ఓడలలో దిగిన ఈ నూనె, 1886లో బర్మా ఆయిల్ కంపెనీ వెలసిన పిమ్మట బర్మానుండియు వచ్చెను. 1928 తరువాత బర్మాషెల్ అను పేరు గల డబ్బాలు తెలుగు పల్లెలలో రామాలయపు గంటవలె అందఱెఱిగిన వస్తువులైనవి.

ఆ డబ్బా నాలుగు గ్యాలన్లది, అనగా ఇంచుమించు 18 లీటర్లది. కావడికి రెండు డబ్బాలు కట్టి ఘాటీ యెక్కించవలెను. లేదా ఎద్దు వీపుమీద వేయవలెను. కొండసంతలో దానిని సీసాలతోను, చిన్న గరిటలతోను కొలిచి యమ్మిన సావుకారు చింతపండు, అడ్డాకు, కుంకుడుకాయ, కందులు తన తక్కెడతో తూచి తీసికొనెను. ఆ తక్కెడ ఎటు మొగ్గెడిదో చెప్పనక్కఱలేదు. ఇంత కష్టముతో వచ్చిన నూనెను ఎవడు చలి కాచుకొనుటకు తగులబెట్టును? ఒక లీటరు కిరసనాయిలులో గల వేడిమి యెంతయో, రెండు మూడు కిలోల యెండుకట్టెలోను అంతియే. కట్టె అడవిలో గలదు, నడుము వంచినచో దొరకును. నూనెకు సావుకారు ఋణమున బడవలెను. అందుచేత కిరసనాయిలు కొండయిండ్లలో బుడ్డిదీపపు వత్తిని దాటి రాలేదు. మహా యయినచో, తడికట్టె అంటుకొనుటకు నాలుగు బొట్లు. వెలుగును అంగడినుండి కొని, వెచ్చదనమును అడవినుండి తెచ్చుకొను ఈ యేర్పాటు మూడు తరములు నడచినది.

1956లో గిరిజనులను ఈ తక్కెడనుండి తప్పించు నుద్దేశముతో విశాఖపట్టణము కేంద్రముగా నొక సహకారసంస్థ యేర్పడినది; అదియే నేటి గిరిజన సహకార సంస్థ. సంతలలో అడవి సరుకు కొనుటకును, గృహావసరముల (డి.ఆర్.) డిపోలలో బియ్యము, ఉప్పు, కిరసనాయిలు సరసమైన ధరకు అమ్ముటకును అది పూనుకొనెను. మఱుసటి యేడే, 1957లో, కాల్టెక్సు కంపెనీ విశాఖపట్టణమున చమురు శుద్ధికర్మాగారమును నెలకొల్పెను. సముద్రము దాటి వచ్చుచుండిన నూనె కొండ పాదమునకు నూఱు కిలోమీటర్ల లోపలనే తయారగుచుండినను, డిపో ముందు డబ్బా పట్టుకొని నిలుచు వరుస కురుచ కాలేదు. చౌకధరల నూనె ఇతరత్ర కల్తీకి పోకుండ దానిలో నీలిరంగు కలిపిరి. కొండపిల్లలు చదువుకొనిన దీపములలో ఆ నీలి నూనెయే యుండెను.

మఱుసటి దశకమున కొండను తొలిచి రైలు వచ్చినది. బైలాడిల్లా ఇనుపరాతిని జపానునకు పంపుటకై 1960లో కుదిరిన యొడంబడిక ఫలితముగా కొత్తవలసనుండి కిరందులునకు, యాభైకి మించిన సొరంగములగుండ, ఈ మార్గము వేయబడెను. అరకు దాపున శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల యెత్తున నుండి, బ్రాడ్‌గేజి స్టేషనులలో దేశమున కెల్ల ఎత్తైనదని చిరకాలము పేరుగాంచెను. ఇచ్చట నొక విచిత్రము నా మనస్సును వీడదు. ఆ ఇనుపరాయి ఏ దేశమునకు పోయెనో, ఆ జపాను దేశముననే ఆ దశాబ్దములలో ఇంటింట కిరసనాయిలు హీటరు నెలకొనెను. అడుగున నూనెతొట్టి, పైన గుండ్రని వత్తి, దానిపై ఎఱ్ఱగా గాలు జాలిగొట్టము. చేతబట్టుకొని గదినుండి గదికి, గదినుండి షెడ్డునకు మోసికొని పోవచ్చును. దానికి నూనె తెచ్చుకొను డబ్బా కూడ అచ్చట 18 లీటర్లదే. ఒకే కొలత డబ్బా, ఒకే నూనె. అచ్చట అది శీతమును పోగొట్టినది, ఇచ్చట చీకటిని.

మన్యమున ఆ యంత్రమునకు తావు లేకపోవుటకు వెల యొక్కటే కారణము కాదు. అది మూసిన గదికి పుట్టిన వస్తువు. తడికగోడలు, గడ్డికప్పు గల యింట వేడిమి నిలువదు. గది మూసికొందుమా, ప్రమాదము. లీటరు నూనె కాలిన ఇంచుమించు లీటరు నీరు ఆవిరియై గోడల కంటును. బొగ్గుపులుసు వాయువు పేరుకొనును. వత్తి చెడి, గాలి చాలనిచో, రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు నిద్రించువానిని మేల్కొననీయదు. పెట్రోలు ఆవిరులు గల మోటారు షెడ్డులో నిప్పుకు మఱియొక భయము. మైదానపు తెలుగింటి వారికి ఈ సంగతి కుంపటివలన ఎప్పుడో తెలియును: బాలింత మంచము క్రింద నిప్పుల కుంపటి పెట్టిన ముసలమ్మలు తలుపు ఓరగానైన తెఱచి యుంచుమని కోడండ్రను హెచ్చరించెడివారు.

1999లో దీపము పథకముతో గ్యాసు సిలిండర్లు పల్లె మహిళల కందసాగెను. కరెంటు కొండశిఖరపు గూడెములకు నెక్కినది. బుడ్డిదీపము అటకపై కెక్కినది. కాఫీతోటల నీడకు పెంచిన సిల్వరోకు చెట్లనుండి కొట్టిన కొమ్మలు నేడు పెక్కు పొయ్యిలకు కట్టెలగుచున్నవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిసరుకుపై కొండవారి హక్కును ఒప్పుకొనెను. 1882 మొదలు లెక్కించినచో నూట యిరువది నాలుగేండ్లకు.

నూనె పోయినను డబ్బా మిగిలినది. పాత కిరసనాయిలు డబ్బాను నడిమికి కోసి, ప్రక్కల చిల్లులు పొడిచి, అడ్డముగా ఇనుపచువ్వలు దూర్చిన కుంపటియగును. లోపల రంపపు పొట్టు దట్టించి నడుమ కన్నము విడిచిన పొట్టుపొయ్యి యగును. తీగ కట్టి చేతబట్టుకొని ఎచ్చటి కైనను కొనిపోవచ్చును. మంచు పట్టిన వేకువన టీకొట్టు ముందు అట్టి డబ్బాలో కొండబొగ్గు రగులుచుండగా, జీపు డ్రైవరులు దానిపై అఱచేతులు చాచి, ఎదురు వేడెక్కిన వెంటనే వెనుదిరిగి నిలిచి వీపు కాచుకొందురు.