జాతి నమూనా నుంచి వ్యక్తి రూపానికి: మాల్వినా హాఫ్‌మన్ శిల్పకృషి – ఒక పరిశీలన

ప్రస్తావన

మాల్వినా హాఫ్‌మన్ (1885–1966) ఇరవయ్యో శతాబ్దపు తొలి అర్ధభాగంలో పెద్ద కట్టడాలకూ, యుద్ధ స్మారకాలకూ, ప్రదర్శనశాలలకూ శిల్పాలు సమకూర్చి పేరు పొందిన అమెరికన్ మహిళా శిల్పి. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా నృత్యాన్ని కంచులోకి తెచ్చి ఆమె తొలుత ప్రసిద్ధి చెందగా, మానవజాతుల ప్రతినిధి రూపాలను శిల్పించమని షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం 1930లో అప్పగించిన పని ఆమెకు విశేష ఖ్యాతిని, తరువాతి కాలంలో తీవ్రమైన విమర్శను తెచ్చిపెట్టింది. శరీర లక్షణాలను బట్టి మనుషులను జాతులుగా విభజించవచ్చునని, ఒక్కో జాతికి ఒక నమూనా రూపం ఉంటుందని నమ్మిన ఆనాటి శాస్త్ర దృక్పథానికి సాక్ష్యంగా నిలవడం కోసం ఆ శిల్పాలను తయారుచేయించారు. అయితే వాటిలో ఎక్కువ భాగం చూపరులకు కనబరిచేది శిల్పి ఎదుట నిలిచిన ఒక్కొక్క మనిషి ముఖాన్నీ, నిలకడనూ, పనిలోని ఏకాగ్రతనూ. అప్పగించిన లక్ష్యానికీ చేతికందిన ఫలితానికీ మధ్యగల ఈ వైరుధ్యమే హాఫ్‌మన్ కృషిని నేటికీ అధ్యయనయోగ్యం చేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సికింద్రాబాద్ నుంచి షికాగో వరకు: చారిత్రక నేపథ్యం

హాఫ్‌మన్ కృషిని తెలుగు నేల మీద నుంచి పరిశీలించడానికి ఒక చారిత్రక ఆధారం ఉంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్‌లోని మహబూబ్ కళాశాలలో స్వామి వివేకానంద తమ పాశ్చాత్యదేశ యాత్ర లక్ష్యాన్ని వివరిస్తూ ఉపన్యసించారు. ఏడు నెలల తరువాత, సెప్టెంబరు 11న, ఆయన షికాగో సర్వమత మహాసభలో ప్రసంగించారు. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా ఆ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు ఆ మహాసభ అనుబంధంగా ఏర్పాటైంది. ప్రదర్శన ముగిశాక అందులోని వస్తువులకు శాశ్వత నెలవుగా నెలకొల్పిన సంస్థే, తరువాత ప్రధాన దాత మార్షల్ ఫీల్డ్ పేరుతో ఫీల్డ్ మ్యూజియంగా స్థిరపడింది.

ఆ ప్రదర్శనలో మానవశాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉండేది. వివిధ దేశాల ప్రజలను, వారి నివాసాలను, వస్తువులను ప్రేక్షకులకు చూపించడమే కాక, శరీర కొలతల పట్టికలను కూడా అక్కడ ప్రదర్శించారు. అంటే ఒకే ఏడాది, ఒకే నగరంలో మానవుని గురించిన రెండు దృష్టులు ఎదురెదురుగా నిలిచాయి. అన్ని మతాలూ సత్యమేనని, మనుషులందరిలోనూ ఒకే దివ్యత్వం ఉందని చెప్పినది మొదటిది కాగా, మనుషులను కొలిచి, వర్గీకరించి, వరుసలలో అమర్చాలని చూసినది రెండవది.

హాఫ్‌మన్ జీవితం ఈ రెండింటితోనూ ముడిపడింది. న్యూయార్క్‌లోని ఒక వసతిగృహంలో ఉంటున్న బంధువును చూడటానికి బాల్యంలో వెళ్లినప్పుడు ఆమె వివేకానందను చూశారు. ఆయన ప్రశాంతతా, గంభీర వ్యక్తిత్వమూ తన మనసులో చెరగని ముద్ర వేశాయని 1936లో వెలువడిన ‘హెడ్స్ అండ్ టేల్స్’ గ్రంథంలో ఆమె రాశారు. భారతదేశ పర్యటనలో బేలూరు మఠాన్ని దర్శించిన ఆమె, అనంతర కాలంలో స్వామి నిఖిలానంద స్థాపించిన న్యూయార్క్ రామకృష్ణ–వివేకానంద కేంద్రంతో అనుబంధం పెంచుకుని, రామకృష్ణ పరమహంస, వివేకానందుల శిల్పాలను రూపొందించారు.

శిక్షణ: తండ్రి సంగీతం, రోదాఁ శిష్యరికం

హాఫ్‌మన్ 1885 జూన్ 15న న్యూయార్క్‌లో జన్మించారు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆమె తండ్రి రిచర్డ్ హాఫ్‌మన్ పేరున్న పియానో విద్వాంసుడు. తొలుత జాన్ వైట్ అలెగ్జాండర్ వద్ద చిత్రలేఖనం, తరువాత హెర్బర్ట్ ఆడమ్స్, గట్జన్ బోర్గ్‌లమ్ వంటివారి వద్ద శిల్పం నేర్చుకున్న ఆమె, 1909లో తండ్రి మరణానికి ముందు ఆయన బస్ట్‌ను, అంటే తల నుంచి ఛాతీ వరకు ఉండే విగ్రహాన్ని, మలిచారు. ఆత్మీయుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన ముఖపు పోలిక పట్టిన ఆ తొలి ప్రయత్నంలోనే ఆమె శిల్పదృష్టికి పునాది పడింది.

1910లో తల్లితో కలిసి పారిస్ చేరిన హాఫ్‌మన్, పలు ప్రయత్నాల తరువాత విశ్వవిఖ్యాత శిల్పి అగస్త్ రోదాఁ శిష్యరికం సంపాదించారు. శరీరనిర్మాణాన్ని లోపలి నుంచి తెలుసుకోవాలన్న ఆయన సలహాపై న్యూయార్క్‌లోని వైద్య కళాశాలలో శవపరిచ్ఛేదం ద్వారా కండరాల, ఎముకల అమరికను అధ్యయనం చేశారు. మద్రాసు మ్యూజియంలోని చోళుల నటరాజ విగ్రహాల ఛాయాచిత్రాలను చూసి రోదాఁ పరవశించి వ్యాసం రాసినది కూడా దాదాపు ఈ కాలంలోనే. నిశ్చలమైన లోహంలో చలనాన్ని నిలపడమన్న సమస్య అప్పుడు ఆ గురువును ఎంతగా ఆకర్షించిందో, శిష్యురాలి తొలి రచనలనూ అంతగానే నడిపించింది.

ఆ కాలపు మహిళలకు శిల్పరంగ ప్రవేశం సులభం కాదు. రాయి చెక్కడానికి, ఇనుప చట్రాలు కట్టడానికి, పోతశాలలో పనిచేయడానికి స్త్రీ శరీరం తగదన్న అభిప్రాయం బలంగా ఉండేది. హారియట్ హాస్మర్, ఎడ్మోనియా లూయిస్ వంటి పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ మహిళలు రోమ్ నగరానికి తరలివెళ్లి పాలరాతి శిల్పులుగా నిలదొక్కుకోగా, తరువాతి తరానికి చెందిన హాఫ్‌మన్ పోత, మెరుగు, లోహపు రంగు వంటి పనులను స్వయంగా నేర్చుకుని, పనివారిపై ఆధారపడే శిల్పిగా మిగిలిపోకుండా సాంకేతిక స్వాతంత్ర్యం సాధించుకున్నారు. 1939లో ఆమె ప్రచురించిన ‘స్కల్ప్చర్ ఇన్‌సైడ్ అండ్ అవుట్’ ఈ అనుభవసారాన్ని విద్యార్థులకు అందించిన గ్రంథం. లోహపు పోతలో ప్రధానమైన పద్ధతులు రెండు: ఇసుకను గట్టిగా కూరిన మూసలో కరిగిన లోహం పోయడం ఒకటి, మైనంతో చేసిన రూపంపై మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోయడం రెండవది. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారుల డోక్రా బొమ్మలు ఈ రెండవ పద్ధతిలో తయారయ్యేవే.

నృత్యం నుంచి స్మారకాల వైపు

పావ్లోవా, మిఖాయిల్ మోర్ద్‌కిన్‌ల నృత్యం ప్రేరణగా హాఫ్‌మన్ చేసిన ‘బకనాల్ రూస్’ ఆమెకు పారిస్‌లో గుర్తింపు తెచ్చింది. ఎగిరే వస్త్రం కింద పరుగుతీస్తున్న స్త్రీపురుషుల ఈ శిల్పపు పెద్ద ప్రతిని 1919లో పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో నిలిపారు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ ఆక్రమణలో అది మాయమైంది. పావ్లోవాతో ఏర్పడిన స్నేహం ఫలితంగా ఆమె నృత్యంలోని వరుస కదలికలను ఉబ్బెత్తు ఫలకాల శ్రేణిగా చిత్రించి 1924లో ముగించారు. ఒక్కో ఫలకంలో ఒక్కో క్షణాన్ని పట్టుకుంటూ, మొత్తాన్ని కలిపి చూసినప్పుడు నృత్యం సాగుతున్నట్లు తోపించే ఈ రచన, మనిషి స్వభావం అతని కదలికలో వ్యక్తమవుతుందన్న ఆమె విశ్వాసానికి తొలి ఉదాహరణ.

మొదటి ప్రపంచ యుద్ధం ఆమె దృష్టిని విస్తృతం చేసింది. రెడ్‌క్రాస్‌లోనూ, కళాకారుల సహాయ కార్యక్రమాలలోనూ పాల్గొన్న ఆమె, యుద్ధానంతరం బాల్కన్ ప్రాంతంలో సహాయచర్యల పరిస్థితిని పరిశీలించడానికి పర్యటించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యుద్ధమృతుల స్మృతిలో ఆమె రాతిలో మలిచిన ‘ది సాక్రిఫైస్’లో మరణించిన యోధుని శిరస్సు ఒక స్త్రీ ఒడిలో ఉంటుంది, ఇక్కడ విజయగర్వానికి తావులేదు, మిగిలినవారి దుఃఖమే ప్రధానం. లండన్‌లోని బుష్ హౌస్ ముఖద్వారంపై ఇంగ్లండ్, అమెరికాల మైత్రికి ప్రతీకలుగా 1925లో నిలిచిన రెండు భారీ పురుష మూర్తులు కట్టడపు ఎత్తుకు, దూరం నుంచి చూసే చూపుకు తగ్గట్టు శిల్పాన్ని నిర్వహించగల ఆమె సామర్థ్యాన్ని రుజువు చేశాయి. అంతటితో తృప్తిపడని ఆమె 1927లో జాగ్రెబ్ వెళ్లి, ప్రసిద్ధ శిల్పి ఇవాన్ మెస్త్రోవిచ్ వద్ద మళ్లీ విద్యార్థిగా చేరారు.

ఫీల్డ్ మ్యూజియం బాధ్యత

1930లో ఫీల్డ్ మ్యూజియం అధ్యక్షుడు స్టాన్లీ ఫీల్డ్ పంపిన తంతి ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. పలువురు శిల్పులకు పంచి ఇవ్వాలని, రంగు వేసిన ప్లాస్టర్ బొమ్మలుగా చేయించాలని మ్యూజియం మొదట తలపోసిన పనిని, ఒకే శిల్పి చేతిలో, కంచులో జరిగితేనే దానికి ఐక్యత, గౌరవం వస్తాయని వాదించి హాఫ్‌మన్ తానొక్కరే స్వీకరించారు. 1931–32లో భర్త శామ్యూల్ గ్రిమ్సన్‌తో కలిసి హవాయి, జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, బాలి, జావా, బర్మా, భారతదేశం, సింహళం తదితర ప్రాంతాలు పర్యటించి, అక్కడి మనుషులను ఎదురుగా ఉంచుకుని మట్టి నమూనాలు తయారుచేశారు. మరికొన్నింటికి పారిస్‌లోనూ, అమెరికాలోనూ నివసిస్తున్నవారు నమూనాలయ్యారు.

నిలువెత్తు మూర్తులు, బస్ట్‌లు, శిరస్సులు కలిపి 104 శిల్పాలలో అధికభాగాన్ని పారిస్‌లోని ప్రసిద్ధ రూడియే పోతశాలలో కంచులో పోశారు. రసాయనాలతో లోహంపై తెచ్చే రంగుపొరను పాటినా అంటారు. వ్యక్తుల మేనిఛాయల భేదాన్ని సూచించడానికి ఆమె ఈ పాటినాను శిల్పానికో తీరుగా ఎంచుకున్నారు. 1933 జూన్‌లో, షికాగో నగరంలో మరో అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతున్న వేళ, ‘హాల్ ఆఫ్ ది రేసెస్ ఆఫ్ మ్యాన్‌కైండ్’ ప్రారంభమైంది.

భారతదేశానికి సంబంధించి ఆమె మలిచినవారిలో తాటిచెట్టు ఎక్కుతున్న తమిళుడు, కాశ్మీరీ పురుషుడు, బెంగాలీ స్త్రీ, రాజపుత్ర స్త్రీ ఉన్నారు. వీటిలో తమిళుని మూర్తి ప్రత్యేకంగా గమనించదగినది. కాళ్లు మానును పట్టుకున్న తీరు, వెన్నులోని బిగువు, బరువును పైకి మోసే భుజాల పొందిక కలిసి ఆ శిల్పాన్ని గీత వృత్తి తెలిసిన ఎవరైనా గుర్తుపట్టగల పనితనపు చిత్రంగా చేశాయి. పావ్లోవా ఫలకాలలో అభ్యసించిన చలన పరిజ్ఞానం ఇక్కడ శ్రమజీవి శరీరానికి అన్వయం పొందింది.

కొలత, పోలిక: దృక్పథ విమర్శ

జాతి నమూనా అన్న భావన తెలుగువారికి దూరపు విషయం కాదు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత ప్రజల తల పొడవు, వెడల్పు, ముక్కు కొలతలను సేకరించి, కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ను ప్రచురించారు. చెంచులు, యానాదులు మొదలుకొని అనేక తెలుగు సముదాయాలు అందులో చోటుచేసుకున్నాయి. రోదాఁను ముగ్ధుణ్ణి చేసిన నటరాజు, మనుషుల ముక్కులను కొలిచిన పరికరం ఒకే మ్యూజియం పరిధిలోవి కావడం, ఆనాటి మ్యూజియాలు కళకూ వర్గీకరణకూ ఏకకాలంలో నెలవులైన స్థితిని స్పష్టం చేస్తుంది.

హాఫ్‌మన్ కూడా సర్ ఆర్థర్ కీత్ వంటి మానవశాస్త్రజ్ఞుల సలహాలతోనే పనిచేశారు. శిల్పాల ఎంపిక, శీర్షికలు, అమరిక ఆ శాస్త్ర దృష్టికి లోబడినవే. వ్యక్తి పేరు తొలగి జాతి పేరు మిగలడం ఆ హాలు చేసిన ప్రధానమైన అన్యాయం. హవాయి అలలపై స్వారీచేసే మూర్తికి నమూనా అయిన సార్జెంట్ కహానమోకు, ‘నార్డిక్ జాతి’ మూర్తికి నమూనా అయిన న్యూయార్క్ వ్యాయామవీరుడు టోనీ సాన్సోన్ వంటివారు సందర్శకులకు వ్యక్తులుగా పరిచయం కాలేదు. ఇటాలియన్ కుటుంబానికి చెందిన సాన్సోన్ ఉత్తర ఐరోపా జాతికి ప్రతినిధిగా నిలవగలగడమే ఆ వర్గీకరణ ఎంత బలహీనమో తెలియజేస్తుంది. పైగా ఈ శిల్పాల చిత్రాలు పాఠశాలల పటాలలోకి, విజ్ఞానసర్వస్వాలలోకి చేరి, జాతిభేదం ప్రకృతిసిద్ధమన్న అపోహకు బలమిచ్చాయి.

అయినా శిల్పి పద్ధతిలో ఆ అపోహకు ఎదురునిలిచే అంశం ఉంది. ప్రతినిధి రూపం కావాలంటే అనేక ముఖాల సగటు తీయాలి. హాఫ్‌మన్ మాత్రం ఒక్క మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని అతని పోలికనే పట్టారు. సగటులో మాయమయ్యే చూపు, అలసట, బిడియం, ఆత్మగౌరవం పోలికలో నిలుస్తాయి. అందువల్ల శీర్షిక ఫలకాన్ని తొలగించి చూస్తే ఆ కంచు ముఖాలు జాతిని గురించి చెప్పేది స్వల్పం, వ్యక్తిని గురించి చెప్పేది అధికం. ఈ ఫలితాన్ని ఆమె సిద్ధాంతపరంగా సాధించారనడం సరికాదు. తండ్రి ముఖంతో మొదలై నర్తకి కదలికతో పరిణతి చెందిన పరిశీలనా క్రమశిక్షణ దానిని సాధించింది.

చివరి దశ, పునర్మూల్యాంకనం

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఫ్రాన్స్‌లోని ఎపినాల్ అమెరికన్ సైనిక శ్మశానవాటిక స్మారకానికి ఉబ్బెత్తు శిల్పాలను, బోస్టన్‌లోని జాస్లిన్ క్లినిక్‌కు వైద్యశాస్త్ర పరిణామాన్ని చూపే ఫలకాలను ఆమె రూపొందించారు. 1965లో ఆత్మకథ ‘యెస్టర్‌డే ఈజ్ టుమారో’ వెలువడింది. 1966 జూలై 10న ఆమె న్యూయార్క్‌లో మరణించారు.

మనుషులను జాతులుగా విడదీసే సిద్ధాంతాన్ని 1950 నాటి యునెస్కో ప్రకటన బహిరంగంగా ప్రశ్నించిన తరువాత ఆ హాలు నిలబడే ఆధారం క్షీణించింది. 1960ల చివరలో మ్యూజియం దానిని తొలగించగా, శిల్పాలు కొన్ని నడవాలలోకి, మరికొన్ని గిడ్డంగులలోకి చేరాయి. 2016లో అదే మ్యూజియం వాటిలో 50 శిల్పాలను శుభ్రపరిచి, జాతి భావన చరిత్రను విమర్శనాత్మకంగా వివరిస్తూ, నమూనాలుగా నిలిచినవారి పేర్లను సాధ్యమైనంతవరకు గుర్తించి మళ్లీ ప్రదర్శించింది. శిల్పాలు మారలేదు, వాటి పక్కన రాసే మాట మారింది.

ముగింపు

హాఫ్‌మన్ కృషిని జాతివాద శాస్త్రపు అవశేషంగా తోసివేయడం గానీ, ఆ శాస్త్రంతో ఆమెకున్న సంబంధాన్ని కళ పేరుతో మరుగుపరచడం గానీ న్యాయం కాదు. తప్పుడు వర్గీకరణకు ఆమె తన నైపుణ్యాన్ని అందించారు. ఆ నైపుణ్యంలోని నిజాయితీ వర్గీకరణను లోపలి నుంచి బలహీనపరిచింది. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివినప్పుడే ఆమె స్థానం సరిగా నిర్ణయమవుతుంది. తెలుగు రాష్ట్రాల లలితకళా కళాశాలల శిల్పవిద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, ఆమె సాంకేతిక స్వాతంత్ర్యాన్ని అధ్యయనం చేయడం అవసరం. గిరిజన జీవితాన్ని ప్రదర్శించే మన మ్యూజియాలు ఆమె హాలు చరిత్ర నుంచి నేర్చుకోవలసిన పాఠం కూడా ఒకటుంది: ఏ మనిషి రూపాన్ని ప్రదర్శనలో నిలిపినా, ఆ మనిషి సమ్మతితో అతని పేరు, ఊరు, పని ఆ రూపం పక్కన నమోదు కావాలి.