తారీకులోపు కొన్న బండి

పోయిన దసరాకు అచ్చంపేట పోతే, అన్నాల కాడ మా చిన్నాయన అడిగిండు: "కరెంటు కారు కొంటే సర్కారు ట్యాక్సు మాఫీ అంటున్నరు. ఎన్ని దినాలుంటది రా అది?" అంతకు రెండు రోజుల ముందే డాలస్‌లో ఉండే ఆయన కొడుకు ఫోన్ చేసి, "గడువులోపు కొనేసిన నాయినా" అని సంబరపడ్డాడు. 2025 సెప్టెంబర్ 30తో అమెరికాలో విద్యుత్ కార్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ ముగిసిపోయింది. తండ్రిది ఒక గడువు, కొడుకుది ఒక గడువు. ఈ గడువులకూ ఒక చరిత్ర ఉంది.

అమెరికా రాయితీకి మూలం 2008 నాటి చట్టం. ఒక్కో కంపెనీ రెండు లక్షల బండ్లు అమ్మేదాకానే పూర్తి మొత్తం ఇచ్చేవారు. 2018లో టెస్లా ఆ గీత దాటింది. 2019లో దాని రాయితీ రెండుసార్లు సగానికి సగం తగ్గింది, 2020 మొదటి రోజుకల్లా సున్నా. అంటే ముందు నడిచినవాడికే ముందు కోత పడింది. 2022లో కొత్త చట్టం ఆ గీతను చెరిపేసి వేరే షరతులు పెట్టింది: కారు ఉత్తర అమెరికాలోనే తయారవాలి, ధరకు పరిమితి, కొనేవాళ్ల ఆదాయానికీ పరిమితి. 2024 నుంచి ఆ మొత్తాన్ని షోరూంలోనే ధరలో తగ్గించే వీలు వచ్చింది. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం దానికి ముగింపు తేదీ రాసింది.

మన దగ్గర బెంగళూరు రేవా కారు 2001లోనే రోడ్డెక్కింది. రాయితీ మాత్రం 2010 నవంబర్‌లో వచ్చింది: ధరలో 20 శాతం, కారుకైతే లక్ష రూపాయలు మించకుండా. 2012 మార్చితో అదీ ఆగిపోయింది. 2015లో ఫేమ్ పథకం, 2019లో ఫేమ్-2 వచ్చాయి. రెండోదాంట్లో సొంత కార్లకు సబ్సిడీ లేదు, టాక్సీలకే. సొంతానికి కొనేవాళ్ల కోసం 2019 జులై బడ్జెట్‌లో 80ఈఈబీ సెక్షన్ తెచ్చారు. బండి అప్పు మీద కట్టే వడ్డీలో ఏడాదికి లక్షన్నర దాకా ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. ఆ ఆగస్టు 1 నుంచే జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

ఇక్కడ ఒక తేడా చూడాలి. అమెరికా రాయితీ కట్టాల్సిన పన్నులోంచే తీసేసేది. మన 80ఈఈబీ పన్ను లెక్కగట్టే ఆదాయాన్ని తగ్గించేది. 30 శాతం శ్లాబులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి లక్షన్నర వడ్డీ మీద మిగిలేది 45 వేలు. పత్తి, పల్లి పండించే మా చిన్నాయనకు మిగిలేది సున్నా. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నే లేదు, ఇక దేంట్లోంచి మినహాయిస్తారు? పైగా 2023 మార్చి 31 తర్వాత మంజూరైన అప్పులకు ఆ సెక్షనే వర్తించదు.

మరి ఆయన విన్న మాఫీ ఏది? అది రాష్ట్రానిది. రాజ్యాంగం వాహన పన్నును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. 2020 అక్టోబర్ 30న తెలంగాణ విద్యుత్ వాహనాల విధానం ప్రకటించి మొదటి రెండు లక్షల టూవీలర్లకు, మొదటి ఐదు వేల సొంత కార్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. మళ్లీ అదే రెండు లక్షల అంకె! 2024 నవంబర్ 18 నుంచి ఆ లెక్క పోయింది. ఎన్ని బండ్లయినా సరే, 2026 డిసెంబర్ 31లోపు కొంటే చాలు. సంఖ్య పోయి తారీకు వచ్చింది.

ఈ మాఫీ రైతుకూ అందుతుంది, దానికి పన్ను రిటర్నులతో పని లేదు. అది దీని మంచి. చెడు ఏమిటంటే, బండి ఎంత ఖరీదైతే మాఫీ అంత ఎక్కువ. 2022 మేలో పెంచి 2025 దాకా ఉన్న రేట్ల ప్రకారం లక్షా ఇరవై వేల పెట్రోలు స్కూటర్‌కు లైఫ్ ట్యాక్సు 12 శాతం, అంటే 14,400 ఉండేది. పదిహేను లక్షల కారుకు 17 శాతం, అంటే రెండున్నర లక్షల పైనే ఉండేది. అప్పుడు అదే ధరకు కరెంటు బండి కొంటే ఆ మొత్తం మిగిలేది. ఆ రేట్ల లెక్కన స్కూటర్ కొనే పిల్లగాడికి దక్కేదానికీ, కారు కొనే పెద్దమనిషికి దక్కేదానికీ పదిహేడు రెట్లకు పైగా తేడా ఉండేది. అమెరికా పెట్టిన ధర పరిమితి లాంటిది ఇక్కడ కూడా ఉంటే బాగుండేది. ఖజానాకు రాని ఆ పైసలు అందరివీ కదా.

ఇదంతా చెప్తే చిన్నాయన కాసేపు ఆలోచించి, "మన్ననూరు గేటు నయం" అన్నాడు. శ్రీశైలం పోయే దారిలో అడవి గేటు రాత్రి తొమ్మిదికి పడుతుంది, పొద్దున ఆరుకు తెరుస్తారు. ఆ సంగతి ఆ దారిన పోయే అందరికీ తెలుసు, దానికి తగ్గట్టే బయల్దేరతారు. "గీ గేటు పడేది ఎప్పుడో తెలిసింది. మల్ల తెరుస్తరా లేదా, అది చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.