కిరణజన్య సంయోగక్రియ: పరిశోధనల చరిత్ర

ఆకుపచ్చని మొక్కలు, శైవలాలు, సయనోబాక్టీరియా సూర్యకాంతి సాయంతో బొగ్గుపులుసు వాయువునూ నీటినీ చక్కెరలుగా మార్చుకొని, ఆక్సిజన్‌ను విడుదల చేసే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు. మొక్కల్లో ఇది హరితరేణువుల్లో జరుగుతుంది. వాటిలోని పత్రహరితం కాంతిని గ్రహిస్తుంది. దీని గుట్టు తెలియడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

తొలి ప్రయోగాలు

మొక్క మట్టిని తిని పెరుగుతుందని పూర్వం నమ్మేవారు. ఆ సంగతి తేల్చడానికి శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ సుమారు 90 కిలోల ఎండుమట్టిని తొట్టిలో పోసి, విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. రెండు కిలోల పైచిలుకు మొక్క 77 కిలోల దాకా తూగింది. మట్టిలో తరుగు 60 గ్రాములకు మించలేదు. చెట్టంతా నీటితోనే తయారైందని ఆయన తేల్చాడు. ఈ వివరాలు ఆయన మరణానంతరం 1648లో అచ్చయ్యాయి. గాలి నుంచి కూడా మొక్కకు సరుకు అందుతుందన్న ఊహ ఆయనకు తట్టలేదు.

1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మను కొన్నాళ్లు ఉంచితే ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుందని చూపాడు. ఇందుకు వెలుతురు తప్పనిసరి అనీ, ఈ పని పచ్చని భాగాలే చేస్తాయనీ 1779లో ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు. బొగ్గుపులుసు వాయువు అవసరాన్ని సెనెబియే, నీటి పాత్రను 1804లో డి సస్యూర్ నిర్ధారించారు.

ఆక్సిజన్ మూలం

వెలువడే ఆక్సిజన్ బొగ్గుపులుసు వాయువుదేనని చాలాకాలం అనుకున్నారు. 1937లో రాబర్ట్ హిల్ ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులు ఆ వాయువు లేకుండానే ఆక్సిజన్‌ను ఇచ్చాయి. 1941లో రూబెన్, కామెన్ బృందం ఆక్సిజన్-18 ఐసోటోపుతో ప్రయోగాలు చేసి, ఆక్సిజన్ నీటి నుంచే వస్తోందని చూపింది.

చక్కెర తయారీ

రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14 చేతికందాక, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కాల్విన్, బెన్సన్, బాషమ్ కార్బన్ జాడ పట్టుకున్నారు. పలుచని గాజుపాత్రలోని శైవలాలకు వెలుతురులో రేడియోధార్మిక కార్బన్ అందించి, కొన్ని సెకన్లకే వాటిని మరిగే ఆల్కహాల్‌లో వదిలేవారు. దాంతో చర్య అక్కడికక్కడే ఆగిపోయేది. అందులోని పదార్థాలను కాగితంపై విడదీసి ఎక్స్‌రే ఫిల్మును ఆనిస్తే, రేడియోధార్మికత ఉన్నచోట నల్లని మచ్చలు పడేవి. మొట్టమొదట ఏర్పడేది మూడు కార్బన్ల ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లమని అలా తెలిసింది. రుబిస్కో అనే ఎంజైము బొగ్గుపులుసు వాయువును అయిదు కార్బన్ల చక్కెర ఫాస్ఫేటుకు జోడించడంతో చక్కెర తయారయ్యే చర్యల వలయం మొదలవుతుంది. మూడు అణువుల బొగ్గుపులుసు వాయువు నుంచి ఒక మూడు కార్బన్ల చక్కెర రావడానికి శక్తిని మోసే అణువులైన 9 ఏటీపీ, 6 ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చవుతాయి. వీటిని సమకూర్చేది పత్రహరితం గ్రహించిన కాంతితో జరిగే కాంతిచర్యే. ఈ కృషికి 1961 నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కడికే దక్కింది.

చెరకులో మాత్రం తొలి పదార్థానికి నాలుగు కార్బన్లు ఉంటాయి. ఈ సీ4 మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ వివరించారు. జొన్న, మొక్కజొన్న కూడా ఈ కోవలోవే. వేడి, ఎండ ఎక్కువగా ఉన్నచోట ఇవి వరి, గోధుమ వంటి సీ3 (తొలి పదార్థానికి మూడు కార్బన్లుండే) పంటల కంటే తక్కువ నీటితో ఎక్కువ చక్కెర తయారు చేసుకుంటాయి.