సమర్త తేదీ ఎవరి కోసం?



మా అవ్వ దాచిన పాత పంచాంగంలో ఒక పుట అంచున మా మేనత్తల పేర్లున్నాయి. పక్కనే తిథి, వారం, నక్షత్రం. వాళ్ళు సమర్తాడిన రోజులవి. రజస్వలా ఫలం చూడడానికి రాసిపెట్టారు.

ఆ మొదటి నెలసరి మీద ఒకప్పుడు దేశమంతా గొడవ జరిగింది. 1860 శిక్షాస్మృతి ప్రకారం భార్యకు 10 ఏళ్ళు నిండితే భర్త కాపురం చేయడం నేరం కాదు. 1889లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పది పదకొండేళ్ళ పిల్ల భర్త బలాత్కారానికి ప్రాణం విడిచింది. 1890లో మన దేశంలో పనిచేస్తున్న ఆడ డాక్టర్లు యాభైమందికి పైగా వైస్రాయికి అర్జీ పెట్టుకున్నారు. అలాంటి పసిపిల్లల ఒళ్ళు ఎలా చితికిపోతోందో తాము కళ్ళారా చూసింది అందులో రాశారు. 1891లో ఆ వయసును 12 చేశారు.

తిలక్ వంటివారు ఆ చట్టాన్ని ఎదిరించారు. సమర్తయిన పదహారు రోజుల్లో గర్భాదానం జరగాలి, పన్నెండు నిండకముందే సమర్తయితే ఎలా అన్నది వాళ్ళ వాదన. భండార్కర్ శాస్త్రాలే చూపించి దానికి బదులిచ్చారు. చివరికి 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు పెట్టింది.

మనది వేడి దేశం, పిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారని కూడా అనేవారు. మాంచెస్టర్ వైద్యుడు జాన్ రాబర్టన్ ఆ రోజుల్లోనే అది కాదన్నాడు. ఒకప్పుడు ఉత్తర ఐరోపాలో పదహారు దాటాక వచ్చే నెలసరి ఇప్పుడు పదమూడుకే వస్తోంది. అక్కడి చలి మారలేదు, తిండి, ఆరోగ్యం మారాయి.

ఇప్పుడు ఆ తేదీ అడిగేది డాక్టరు. పన్నెండు లోపు మొదలైనవారిలో నెలసరి నొప్పి ఎక్కువగా కనబడుతుంది. మొదటి రెండు మూడేళ్ళు నెల తప్పుతూ రావడం మామూలే. పదిహేను దాటినా రాకపోయినా, ఎనిమిది లోపే వచ్చినా, మూడు నెలలు ఆగిపోయినా, బడి మానేంత నొప్పి ఉన్నా చూపించాలి.

మా చిన్న మేనత్తకు పదకొండో ఏట వచ్చింది. నెలనెలా మెలికలు తిరిగిపోయేది. "అందరికీ ఉండేదే" అన్నారు, చూపించలేదు. ఆమె నక్షత్రం రాసుకున్నారు, ఆమె నొప్పి ఎవరూ రాసుకోలేదు.

వేడుక చేసుకోండి, కాదనను. తేదీ మాత్రం ఫ్లెక్సీ మీద వద్దు. ఆ పిల్ల నోటుబుక్కులో, ఆమె చేత్తోనే రాయించండి. ప్రతి నెలా వచ్చిన రోజు, పడిన నొప్పి కూడా.